రోకలితో ఫెండరు మడత: పెయింటు చెదరని పద్ధతి

కారు ఫెండరు లోపలి అంచు మడవాలంటే ఒక్కో చక్రానికి గంటకు పైనే పడుతుందని ఆటోనగర్ మేస్త్రి అంటాడు. గంటసేపు ఒక మనిషి ఒక అంచు దగ్గర కూర్చుని ఏం చేస్తాడో పక్కన నిలబడి చూశాను. కాసేపు వేడి చేస్తాడు. రోలరు అటూ ఇటూ తిప్పుతాడు. ఆగుతాడు. అరచేత్తో రేకును తడుముతాడు. మళ్లీ వేడి చేస్తాడు. అంటే పనిలో ముప్పావు వంతు ఆగడమే. ఆ ఆగడాలన్నీ తీసేస్తే అసలు పని పావుగంట. ఇక్కడ చెప్పబోయేది ఆ పావుగంట పని గురించే.

ముందు రోగమేమిటో తెలియాలి. చక్రం పైన రేకు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది కదా, ఆ వంపు చివర రేకును లోపలికి ఒక మడత పెట్టి వదిలేస్తారు. బయటికి కనబడదు, వేలు పెడితే తెలుస్తుంది. పల్చటి రేకు వంకర పోకుండా నిలబడేది ఆ మడత వల్లేనట. కంపెనీ వేసిన టైరుకూ ఈ అంచుకూ ఏ తగాదా లేదు. మనం టైరు మార్చాకే మొదలవుతుంది. 185/65 ఆర్15 టైరు తీసి 215/45 ఆర్17 వేయించామనుకోండి. ఎత్తులో తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా రాదు. షాపువాడు క్యాలిక్యులేటరు మన ముఖానికి దగ్గరగా పెట్టి చూపించేది ఆ లెక్కే. వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగిందని చూపించడు. అందులో సగం, 15 మిల్లీమీటర్లు, బయటి వైపుకే. రిమ్ము మీద ఈటీ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత తగ్గితే చక్రం అంత బయటికి జరుగుతుంది. ఈటీ 50 రిమ్ము పోయి ఈటీ 35 వస్తే ఇంకో 15. మొత్తం 30 మిల్లీమీటర్లు టైరు బయటికొచ్చి కూర్చుంది. ఆ పైన స్ప్రింగులు ఒక చుట్టు కోయించి కారును నేలకు దించారు. ఇంకేముంది, గుంతలో పడ్డప్పుడల్లా టైరు భుజం పైకి లేచి అంచుకు రాసుకుంటుంది, అంచు రబ్బరును చెక్కుతుంది.

దీనికి రెండు మార్గాలు. పాత చక్రాలు మళ్లీ వేసుకోవడం మొదటిది. దాని గురించి ఇక్కడ చెప్పను, అది తెలిసినవాళ్లు ఈ వ్యాసం దాకా రారు. రెండోది ఆ అంచును పైకి పూర్తిగా మడిచి ఫెండరు లోపలి గోడకు ఆనించడం. అలా చేస్తే కలిసొచ్చేది ఆ అంచు వెడల్పు, అంటే మహా అయితే ఒక వేలు మందం. బయటికొచ్చింది 30 మిల్లీమీటర్లు కదా, వేలు మందం ఎలా సరిపోతుందని అడిగేవాళ్లు ఉంటారు. అలా లెక్కలు అడిగేవాళ్లు షాపులోనే అడిగి ఉండాల్సింది.

ఎవరి కారు మీద చేయాలన్నది కూడా ముఖ్యం. మొదటిసారి చేసేవాళ్లు సొంత కారు ముట్టుకోకూడదు, చెయ్యి వణుకుతుంది. ఏ బావమరిదో ఆరు నెలల ప్రాజెక్టుకు డాలస్ వెళుతూ, "బావా, వారానికోసారి స్టార్ట్ చేస్తుండు, లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది" అని తాళాలిచ్చిపోయిన కారు శ్రేష్ఠం. అతను స్టార్ట్ చేయమన్నాడు, ఫెండర్లు ముట్టుకోవద్దని ఎక్కడా అనలేదు.

అయస్కాంతం పెట్టి చూడమంటాడు మేస్త్రి. ఎక్కడైనా పాత దెబ్బకు లప్పం పెట్టి రంగు వేసి ఉంటే అక్కడ అయస్కాంతం అంటదు. లప్పానికి వంగే గుణం లేదు, అంచు కదిలిందంటే పెచ్చులూడుతుంది, అక్కడ రోలరు పెట్టొద్దు బాబూ అంటాడు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. తిరుపతి నుంచి తెచ్చిన ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి తీసుకుని ఫెండరు పొడుగునా జరపండి. ఎక్కడ జారి కింద పడుతుందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఎవరో డబ్బు పెట్టి మరీ గట్టి చేయించిన చోటు అది. పని అక్కడే మొదలుపెట్టాలి. ఫెండరు మొత్తం మీద ఎక్కడా అంటకపోతే ఆ కారు ఫెండరే ప్లాస్టిక్ కావచ్చు, ఫోక్స్‌వాగన్ న్యూ బీటిల్‌కు అలాంటివే ఉండేవి. ప్లాస్టిక్ అయితే మడత ఇంకా తొందరగా అయిపోతుంది. రెండు ముక్కల్లో అవుతుంది.

ఇక పనిముట్టు.

ఈ పనికి ఫెండర్ రోలర్ అని ఒకటుంది. చక్రం విప్పి, ఆ నట్లతోనే హబ్‌కు బిగిస్తారు. దానికి పొడుగు సర్దుకునే ఒక చెయ్యి, చెయ్యి చివర గట్టి ప్లాస్టిక్ చక్రం, వాలు మార్చడానికి ఒక మర. హబ్ చుట్టూ అర్ధచంద్రంలా తిరుగుతుంది కాబట్టి అంచు పొడుగునా ఒకే ఒత్తిడి పడుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ కారుకు జాకీ పెట్టాలి, జాకీని నమ్మకుండా కింద స్టాండ్లు పెట్టాలి, రెండో వైపు చక్రాలకు అడ్డు వేయాలి. ఏడాదికోసారి కూడా అవసరం రాని పనిముట్టు కోసం ఇంత తంతు దేనికి?

అమెరికాలో దీనికి బేస్‌బాల్ బ్యాటు వాడేవాళ్లున్నారు. టైరుకూ అంచుకూ మధ్య బ్యాటు దూర్చి, కారును జానెడు ముందుకూ జానెడు వెనక్కూ నెడతారు. తిరిగే టైరు మీద బ్యాటు దొర్లుతూ అంచును పైకి నొక్కుతుంది. మన దగ్గర క్రికెట్ బ్యాటుతో ప్రయత్నించేవాళ్లు ఒకసారి ఆలోచించాలి, పలకగా ఉన్నది దొర్లదు. అప్పడాల కర్ర దొర్లుతుంది గానీ పొట్టి. దొర్లేదీ, పొడుగైనదీ, ఏ బరువుకూ విరగనిదీ మన ఇళ్లలో ఒక్కటే ఉంది. పెళ్లికి పసుపు దంచిన రోకలి. మామిడాకులు కట్టిన దారం ఇంకా దానికే ఉంటుంది, విప్పనక్కర్లేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడనే సామెతను పట్టుకుని కొందరు వెక్కిరిస్తారు. తలకు చుట్టడం కష్టం నిజమే. ఫెండరుకు సులువు.

రోకలి చివర ఇనప పొన్ను ఉంటుంది. దాన్ని తీయమని, లేదంటే రేకు మీద దాని గుర్తు అంగుళానికొకటి పడుతుందని మేస్త్రి అన్నాడు. తీయకండి. పొన్ను లేని రోకలిని మళ్లీ ఇంట్లోకి తీసుకెళితే అడిగేవాళ్లుంటారు. బేస్‌బాల్ బ్యాటు మామూలుగా మూడడుగులు మించదు, రోకలి అంతకంటే బాగా పొడుగు. అంచుకు లోపల ఒక మూర పోగా మిగిలినదంతా బయటికి ఉంటుంది. కారు కదిలినప్పుడు ఆ బయటి కొస తలుపు వైపు తిరుగుతుంది. కాబట్టి తలుపు తీసి ఉంచండి. తీసిన తలుపు సెల్లారు స్తంభానికి తగులుతుందంటే కిటికీ అద్దం దించండి. ఇంకో దారి లేదు.

మనుషులు ఇద్దరు కావాలి. రోకలి మీరు పట్టుకోవాలి, ఆ హక్కు వదులుకోవద్దు. స్టీరింగ్ దగ్గర తోడల్లుడిని కూర్చోబెట్టండి. ఇంజన్ ఆపి, గేరు తీసి, వాచ్‌మన్ చేత నెమ్మదిగా నెట్టించమని అంటారు. నెడితే కారు మన మాట వినదు, వాచ్‌మన్ మాట వింటుంది. ఇంజన్ స్టార్ట్ చేయించి క్లచ్ మీద కదిలించండి. మాటలు ముందే అనుకోవాలి. "కొంచెం ముందుకు" అని మీరంటారు. "కొంచెం అంటే ఎంతన్నయ్యా?" అని అటునుంచి వస్తుంది. "జానెడు." "నా జానా, నీ జానా?" ఇలాంటివి ముందే తేల్చుకోకపోతే మధ్యలో రోకలి దాని దారి అది చూసుకుంటుంది.

వేడి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇక్కడే జరుగుతుంది. చల్లటి పెయింటు పెళుసుగా ఉంటుంది. రేకు వంగుతుంది, పెయింటు వంగలేక మడత గీత వెంట సన్నగా చిట్లుతుంది. అందుకే రేకును లోపలా బయటా 50, 60 డిగ్రీల దాకా వేడి చేసి, ఆ వేడి చల్లారనివ్వకుండా పని చేయాలని మేస్త్రుల నియమం. మూడు వేళ్లు ఆనిస్తే చురుక్కుమనాలి, రెండు క్షణాలకంటే ఉంచలేకపోవాలి, అదీ వాళ్ల కొలత. ఈ పనికి రోహిణి కార్తె మంచిదట. రోళ్లు పగిలే ఎండలో నల్ల కారు రేకు దానంతటదే సగం వేడెక్కి ఉంటుందట.

రోళ్లే పగిలే కాలంలో రోకలితో పనేమిటి? నా సలహా భోగి. ఆ రోజు తెల్లవారుజామున అందరూ ఎలాగూ లేస్తారు, తోడల్లుడు ఊళ్లోనే ఉంటాడు, ఆఫీసు లేదు. చలి అంటారా, చలికి గట్టిపడ్డ పెయింటే రేకును అంటిపెట్టుకుని ఉంటుంది. మెత్తబడ్డది జారిపోతుంది. ఇది ఎవరైనా ఆలోచిస్తే తెలిసే విషయం.

అయినా వేడి చేయాల్సిందేనని పట్టుబట్టేవాళ్లకు ఇంకో మాట. ఫ్యాక్టరీలో రంగు వేశాక కారు రేకును దాదాపు 140 డిగ్రీల పొయ్యిలో కాలుస్తారు. పుట్టుకతోనే 140 చూసిన పెయింటును 60 దగ్గర ఆపి బుజ్జగించడం దేనికి? ఫ్యాక్టరీలో ఆ వేడి పెట్టేటప్పుడు రేకుకు వైర్లూ బంపరూ ప్లాస్టిక్ లైనరూ ఏవీ బిగించి ఉండవనీ, బయట షాపులో తిరిగి వేసిన పెయింటయితే 60, 70 డిగ్రీల మధ్య ఆరినదేననీ మేస్త్రి ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు, అప్పటికే హీట్ గన్ కొనేశాను. దాని మూతి దగ్గర 500 డిగ్రీలు దాటుతుంది. జానెడు దూరంలో పట్టుకుని ఎడాపెడా ఊపుతూ ఉండాలని డబ్బా మీద రాసి ఉంటుంది. ఊపితే వేడంతా గాలికి పోతుంది. రెండు వేళ్ల దూరంలో కదలకుండా పట్టుకోండి. పెయింటు నూనెలో పూరీలా పొంగిందంటే వేడి అందినట్టు.

ఎంత వేడెక్కిందో కొలవడానికి థర్మామీటరు కొనక్కర్లేదు. కోవిడ్ కాలంలో అపార్టుమెంటు గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన తుపాకీ ఒకటి వాచ్‌మన్ గదిలో ఉంటుంది. అలాంటివి చాలావరకు 43 దగ్గర చేతులెత్తేసి "హై" అని చూపిస్తాయి. హై అంటే చాలు, ఎంత హై అన్నది మనకెందుకు. పెట్రోలు పోసే మూత ఉన్న వైపు ఫెండరు వెనకే ఆ గొట్టం టాంకులోకి దిగుతుంది కాబట్టి అక్కడ మంటా, మరీ ఎక్కువ వేడీ పనికిరావని మేస్త్రి చెప్పాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినండి. నేను కూడా ఆ వైపు తోడల్లుడికే అప్పగిస్తాను.

మాస్కింగ్ టేపు. ఫెండరు బయట రెండు వరసలు, వీలైతే మూడు వరసలు అంటించండి. టేపు కింద పెయింటు పగలదని కాదు, పగులుతుంది. పగిలింది మనకు కనబడదు. పని అయిపోయాక వేడికి కరిగిన జిగురుతో సహా దాన్ని ఒక్క పట్టున లాగాలి. టేపుతోపాటు పెయింటు వస్తే అది ముందే ఊడి ఉన్న పెయింటన్నమాట, మన తప్పు కాదు.

ఇక మడత. మేస్త్రి తీరు ఇలా ఉంటుంది. ముందు బురద కడుగుతాడు, రోలరు కింద ఇసుక రేణువు పడితే పెయింటు గీసుకుపోతుందని. లైనరు స్క్రూలూ క్లిప్పులూ విప్పుతాడు. రోలరును 45 డిగ్రీల వాలులో పెట్టి, ఒత్తిడి ఆనీఆనకుండా ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతాడు. మర ఒక పిసరు బిగిస్తాడు, మళ్లీ తిప్పుతాడు. అంచు కొంచెం లేచాక వాలు మారుస్తాడు. బంపరు కలిసే చోటికి రాగానే ఆపేస్తాడు. మధ్యమధ్యలో బయటికొచ్చి దూరంగా నిలబడి ఫెండరు మీద ట్యూబ్‌లైటు నీడ తిన్నగా ఉందా, మెలికలు తిరిగిందా అని చూస్తాడు. నీడ మెలికలు తిరిగిందంటే రేకు అలలు పోతున్నట్టు.

మనకు ఇన్ని లేవు. రోకలిని ఒక్కసారి పూర్తిగా దూర్చి, "పోనీ!" అనాలి. ఒకే ఊపులో అంచు మొత్తం పైకి లేస్తుంది. ఫెండరు బయటి రేకు కొంచెం ఉబ్బుతుంది, దాన్ని డిజైన్ అంటారు. కొన్ని చోట్ల ఉబ్బి కొన్ని చోట్ల సొట్టపోతే అదీ డిజైనే. కారును ఇకపై ట్యూబ్‌లైటు కింద పెట్టకండి.

లైనరు స్క్రూలు విప్పొద్దు. విప్పితే మళ్లీ బిగించేటప్పుడు ఒకటి ఎప్పుడూ మిగులుతుంది. అంచుతోపాటే అవీ తిరుగుతాయి, మొనలు టైరు వైపు చూస్తాయి. టైరుకు గీత పడవచ్చు. మనం హామీ ఇచ్చింది పెయింటుకు గీత పడదని.

ముందు ఫెండర్లు ఒంటి రేకు, బోల్టులతో బిగించినవి. చెడిపోతే విప్పి కొత్తవి వేసుకోవచ్చు. వెనకవి అలా కాదు. అక్కడ బయటి రేకూ లోపలి రేకూ రెండూ అంచు దగ్గర కలుస్తాయి. చుక్కచుక్కలుగా వెల్డింగు పెట్టి, సందులోకి నీళ్లు దిగకుండా సీలరు పూస్తారు. అది కారు ఒంటి భాగమే, విప్పడానికి రాదు. మేస్త్రి దీనికి ముందుదానికంటే రెట్టింపు ఓపిక పట్టాలంటాడు. మడిచాక సీలరు చిట్లిన చోట మళ్లీ సీలరు, దాని మీద ప్రైమరు, రంగు, లోపల మైనం కొట్టాలంటాడు. ఓపిక లేనివాళ్లకు గ్రైండరు ఉంది. అంచుకు అంగుళానికొక గాటు పెట్టండి. గాటు పడ్డ అంచు రోకలికి ఇట్టే లొంగుతుంది. గాట్లలో కొన్ని వెల్డింగు చుక్కల మీదే పడతాయి, పడనివ్వండి, కంపెనీవాడు ఎన్నో చుక్కలు పెట్టాడు.

సీలరు మళ్లీ పూయాలన్న మాట మీద మాత్రం కొంచెం ఆగాలి. ఫ్యాక్టరీలో రేకును మొత్తంగా తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, తుప్పు రాని పూత ఎక్కిస్తారు. మడతలో పగిలేది ముందుగా అదే. పైన మెరిసే పొరలన్నీ కలిపినా 100, 150 మైక్రాన్ల మధ్యే ఉంటాయి. లోపల పగిలితే బయటికి తెలియదు. వానాకాలంలో చక్రం చిమ్మిన నీళ్లు ఆ సందులోకి వెళతాయి. మచిలీపట్నమో కాకినాడో అయితే ఉప్పు గాలి కూడా తోడవుతుంది. తుప్పు లోపలి నుంచి పని చేసుకుంటూ వచ్చి, ఒకరోజు అంచు పైన చిన్న పొక్కులా లేస్తుంది. అప్పటికి బావమరిది డాలస్ నుంచి తిరిగొచ్చి ఉంటాడు, కారు అతని దగ్గరే ఉంటుంది. ఎవరి దగ్గరున్నప్పుడు వచ్చిన తుప్పు వాళ్లది.

పని అయ్యాక పరీక్ష. వెనక సీట్లో ముగ్గురిని, ముందు ఇద్దరిని కూర్చోబెట్టి స్పీడ్‌బ్రేకరు ఎక్కించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలతల ప్రకారం స్పీడ్‌బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గుండ్రటి వీపుతో ఉండాలి. అలాంటిది మీ ఊళ్లో ఒకటి ఉంటే దాని మీద చేయండి, శబ్దం రాదు. వీధివాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న సిమెంటు గట్టు జోలికి వెళ్లకండి. దాని మీద టైరు రాసుకుంటే అది గట్టు తప్పు.

చట్టం గురించి కూడా ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఇందులో గమనించాల్సింది "ఒక్కో" అన్న ముక్క. నాలుగు చక్రాలు, నాలుగు ఫెండర్లు, నాలుగు స్ప్రింగులు. వాళ్లు పన్నెండు అంటారు. మీరు అన్నీ కలిపి ఒకే మార్పు అని వాదించాలి. జైలు సంగతి వస్తే ఆర్‌సీ బావమరిది పేరు మీద ఉందని గుర్తు చేయాలి.

చివరికి ఇన్సూరెన్సు. పెయింటు పెచ్చు లేచినా, ఫెండరు అలలు పోయినా, తలుపుకు రోకలి తగిలినా క్లెయిమ్ పెట్టుకోవచ్చు. సర్వేయరు వస్తాడు. దెబ్బ ఎలా తగిలిందంటే గేదె అడ్డం వచ్చిందనండి. నాలుగు ఫెండర్లకూ తగిలింది కదా అంటే నాలుగు గేదెలు అనండి. నాలుగూ ఒకే ఎత్తున తగిలాయేమంటే ఒకే ఇంటి గేదెలు అనండి. ఇక్కడిదాకా ఎవరైనా నెట్టుకొస్తారు. ఆయన వదలకుండా కిందికి వంగి, చక్రం పైన లోపలి అంచు పొడుగునా వేలు పెట్టి లాగుతాడు. వేలు బయటికి తీసి చూసుకుంటే పసుపు అంటి ఉంటుంది. తడబడకండి, వాహనపూజ పసుపని చెప్పండి. పూజ బానెట్‌కు చేస్తారు గానీ ఫెండరు లోపల చేస్తారా అని అడిగితే, దోషం అక్కడే ఉందని పంతులుగారు చెప్పారనండి.